జోడుగొట్టాల తుపాకీ, అడవిపంది కూర

నాకొక జబ్బుంది. చీమని చూస్తే నా నోటికి అది చిట్టెలుకగా వస్తుంది. చిట్టెలుకని చూస్తే పందికొక్కుగా వస్తుంది. మా ఆవిడ నా మాటల్ని ఎప్పుడూ నాలుగుతో భాగించి వింటుంది. చుట్టాలు వచ్చినప్పుడైతే ఎనిమిదితో. మీరు కూడా మీకు తోచిన అంకెతో భాగించుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఈ కింద రాసినదాంట్లో పొంగించినది బోలెడుంది. అది కాక, పూర్తిగా అల్లిన ముక్క ఒకటుంది. అదేమిటో చివర నేనే చెప్తాను, మధ్యలో అడగకండి.

మొన్న మా పెదనాన్న మనవడు ఫోన్ చేశాడు. వరసకి నాకు అన్నయ్య కొడుకు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే దారిలో రిసార్ట్ కట్టాడు. నాలుగు గదులు, కప్పలు మాత్రమే ఈదే ఒక ఈతకొలను, మంచు చూడ్డానికి వచ్చేవాళ్ళకి బొంగులో చికెన్. "బాబాయ్, తాత తుపాకీ గోడకెక్కించాను, ఒకసారి రా" అన్నాడు.

వెళ్ళాను. రిసెప్షన్‌లో కుర్చీల వెనక గోడకి అడ్డంగా తుపాకీ, దాని కింద పసుపు రంగు లైటు. ఎవరో కొత్త దంపతులు దాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నారు. పెళ్ళికొడుకు భార్య వైపు వేలు పెట్టి కాల్చినట్టు నటిస్తున్నాడు. ఆవిడ చచ్చిపోయినట్టు నటిస్తోంది. ఆ నటన చూసి నేను నిజంగానే సగం చచ్చాను.

"లోపల తోటాని పేల్చే పిన్నులు పీకించేశాను బాబాయ్, ఇక పేలదు, కాగితాలన్నీ పక్కా" అన్నాడు వాడు. "ఇప్పుడిది యాంటిక్. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి, అరగంట దీనికి ఫొటోలు తీసుకున్నాడు. ఇలాంటివి పోగుచేసేవాళ్ళున్నారంట. కింద చూడు, ఫ్రేము కట్టించాను, ఖాళీగా ఉంది. నువ్వెలాగూ రాస్తావు కదా, రెండు ముక్కలు రాసిపెట్టు. తాత దీంతో పులిని కొట్టినట్టు."

"మీ తాత పులిని కొట్టలేదురా."

"కొట్టాడనలేదు బాబాయ్, కొట్టినట్టు అన్నాను. ఈ తేడా నీకు నేను చెప్పాలా."

దగ్గరికెళ్ళి చూశాను. కర్రకి వార్నిష్ పట్టించి పెళ్ళిమంటపం స్తంభంలా మెరిపించారు. గొట్టాల్ని తోమి తోమి వెండిగ్లాసుల్లా చేశారు. కానీ గొట్టం మూతి దగ్గర ముక్కు పెట్టానో లేదో, లోపల నలభయ్యేళ్ళ నుంచి కాచుకు కూర్చున్న వాసన ఒకటి లేచి వచ్చింది. వాడిచ్చిన కాఫీ పక్కనున్న క్రోటన్ కుండీలో పోశాను. ఆ మొక్క ఈపాటికి పోయి ఉంటుంది. పులి గురించి రాయలేను కాబట్టి, పంది గురించి రాస్తున్నాను.

మా ఊరు నర్సీపట్నానికి గొలుగొండ వైపు, సైకిల్ మీద అరగంట. ఎదురుగాలైతే గంట. వెనక మా పెదనాన్న కూర్చుంటే ఒక పూట. మనిషి అంత భారీ. చెరుకు, వరి, కొండవాలున జీడితోట. కొండ దిగి అడవిపందులు చెరుకు తినేస్తాయని, పంట కాపాడుకోమని ఆయనకి తుపాకీ లైసెన్సు ఇచ్చారు. ఆయన పంట కాపాడ్డం మాని తుపాకులు పోగుచెయ్యడం మొదలుపెట్టాడు.

అప్పటికే కొత్త రకాలు వచ్చేశాయి. పెదనాన్నకి అవి గిట్టవు. "గుర్రం కనబడకపోతే అదేటి తుపాకీరా, తొండం నేని ఏనుగునాగ" అనేవాడు. గుర్రాలంటే గొట్టాల వెనక రెండు చెవుల్లా నిలబడే ఇనప సుత్తులు. మా ఇంట్లో వాటిని అలాగే పిలిచేవాళ్ళు. బొటనవేలితో వెనక్కి లాగితే టిక్కుమని కూర్చుంటాయి, మీట నొక్కితే టపీమని పడి తోటాని పేలుస్తాయి. ఆ గుర్రాలు పైకి కనిపించే పాత జోడుగొట్టాల తుపాకీ ఎక్కడుందని తెలిసినా పెదనాన్నకి నిద్ర పట్టేది కాదు. ఏ ముసలి జమీందారు కన్నుమూసినా, ఇంట్లో వాళ్ళ ఏడుపు మొదలుకాకముందే వీధిగుమ్మంలో ఈయన ఉండేవాడు. అలా మూడు చేరాయి. ఇంట్లో కోడళ్ళకి పెట్టినట్టే వాటికీ పెద్దది, నడిపిది, చిన్నది అని వరసలు. పెద్దదాని గొట్టాల మీద పాము కుబుసంలా చారలుండేవి. ఇనుమునీ ఉక్కునీ జడలా అల్లి చేశారని చెప్పేవాడు. నడిపిదానికి ఒక గొట్టం వెంటనే పేలేది. రెండోది ముహూర్తం చూసుకుని, అందరూ కాఫీలు తాగుతుండగా పేలేది. చిన్నది ఏ మీట నొక్కినా రెండు గొట్టాలూ కలిసి పేలేవి. దాన్ని పేల్చినప్పుడల్లా పెదనాన్న నాలుగడుగులు వెనక్కి నడిచి కూలబడేవాడు. అందుకని ముందే లెక్క చూసుకుని, నాలుగడుగుల దూరంలో గడ్డిమోపు వేసి ఉంచేవాళ్ళు. ఇప్పుడు గోడమీదున్నది అదే.

ఇంత ఘనమైన తుపాకులకి ఆయన పూసేది ఆముదం. తుపాకీ నూనె అని వేరే ఒకటుంటుందని ఎవరైనా చెప్తే నవ్వేవాడు. "ఆముదం కంటికి మంచిది, కడుపుకి మంచిది, ఇనుముకి సెడ్డదైపోనాదా" అని వాదన. నాయనమ్మ తలకి రాసుకునే సీసాలోదే తుపాకీకీ. ఆ ఆముదం నాలుగు రోజులకి జిగురై, దుమ్ము పట్టి, బెల్లప్పాకంలా తయారయ్యేది. గుర్రం లేపితే లేచేది కాదు. లేస్తే పడేది కాదు. ఒకసారి కుందేలు మీదకి గురిపెట్టి మీట నొక్కితే, గుర్రం నిదానంగా దిగి తోటాని తాకేలోపల ఆ కుందేలు పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నది.

తుపాకుల గదిలోనే నాయనమ్మ మంచం. ఆవిడ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. కాలిన పొగాకు, మగ్గిన ఆముదం, పేలిన మందు తాలూకు కుళ్ళిన కోడిగుడ్డు కంపు, ఈ మూడూ ఆ కిటికీ లేని గదిలో కాపురం పెట్టి కంపుపిల్లల్ని కన్నాయి. గోడమీది బల్లులు కళ్ళు తిరిగి కింద పడేవి. సెలవుల్లో నన్ను ఆ గదిలోనే పడుకోబెట్టేవాళ్ళు. పొద్దున్న లేచి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే, ముందు తుపాకీ రుచి తగిలి, తరవాత అన్నం తగిలేది.

వానాకాలంలో కాగితం తోటాలు చెమ్మకి ఉబ్బిపోయి గొట్టంలో దూరేవి కావు. అందుకని ఎండకాసిన రోజున మేడమీద నులకమంచం వేసి, పెద్దమ్మ గుమ్మడి వడియాలు ఒక పక్క, పెదనాన్న తోటాలు ఒక పక్క ఆరబెట్టేవాళ్ళు. నాకు కాకుల కాపలా. చూపు సరిగా ఆనని పెద్దమ్మ ఒకసారి రెండు తోటాల్ని మూకుడు దాకా తీసుకెళ్ళి, వాసన తేడాగా ఉందని ఆగింది. ఆ రోజు ఆవిడకి జలుబు చేసి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

నా గాలపు తాడుకి బరువు కావలసివచ్చి, ఆ కాపలాలో కూర్చునే ఒక తోటా మూతి విప్పి సీసపు గుళ్ళన్నీ కాజేశాను. ఖాళీగా ఉంచితే తెలిసిపోతుందని ఉలవలు నింపి, కొవ్వొత్తి మైనంతో అతికాను. ఆ వారంలోనే పెదనాన్న దాన్ని కొంగ మీద పేల్చాడు. కొంగ ఒకసారి ఒళ్ళు దులుపుకుని, కింద పడ్డవాటిని ఏరుకు తిని, తీరిగ్గా ఎగిరిపోయింది. "గట్టి కొంగరా" అన్నాడు పెదనాన్న. తన తుపాకీ మీద మాత్రం ఆయనకి అనుమానం రాలేదు. ఎన్నడూ రాలేదు.

అసలు సంగతి ఏమిటంటే, ఆయన తుపాకులు ఎప్పుడూ దేనికీ తగల్లేదు. పూజలు మాత్రం లోటులేకుండా జరిగేవి. దసరాకి మూడింటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి కదా, అప్పుడు ఎడ్లబండి మీద దుప్పటి పరిచి, పుట్టింటికి పంపుతున్న కోడళ్ళలా సాగనంపేవాడు. అవి తిరిగొచ్చేదాకా వసారాలో సగం మనిషిలా కూర్చునేవాడు.

ఆ చలికాలం పందులు మరీ పేట్రేగిపోయాయి. చెరుకు నరికే రోజులు. ఊరంతా బెల్లం పొయ్యిల తీపి పొగ. పొద్దున్నే లేచి చూస్తే చెరుకుతోటల్లో ఏనుగులు పొర్లినట్టు చాళ్ళకి చాళ్ళు పడిపోయి ఉండేవి. సాయంత్రం మా వసారా మీద చేరిన పెద్దలు పెదనాన్నని నంజుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళలో మొదటివారు మా పక్కింటి మాస్టారు. రిటైరయ్యారు, కానీ మాట్లాడ్డం నుంచి రిటైరవలేదు.

"మూడు తుపాకులున్నాయి, ముప్ఫై పందులు తినిపోతున్నాయి" అన్నారు మాస్టారు. "ఏమండీ, అవి అరుస్తాయా, కరుస్తాయా, లేకపోతే గోడకి నగలా?"

"ఈ వారంలో అడవిపంది కూర మీ కంచంలో పడకపోతే నా మీసం సగం తీయించేస్తాను మాస్టారూ" అన్నాడు పెదనాన్న.

"ఏ సగమో ఇప్పుడే సెప్పీయండి, సాక్షిగా ఉంతాం" అన్నాడు ఇంకొకాయన.

మర్నాడు తెల్లవారగట్ల పెదనాన్న చిన్నది తీశాడు. తోటాల సంచి నా భుజానికి తగిలించాడు. ముందు మా కంబారి నడిచాడు. ఏడాది జీతానికి మా ఇంట్లో పనిచేసే మనిషి. మంచు ఎంత దట్టంగా ఉందంటే, చేత్తో పక్కకి తోసుకుంటూ నడవాల్సి వచ్చింది. చెరుకుతోట గట్టున నల్లగా ఏదో కదిలింది. మూతితో నేల తవ్వుతోంది. పెదనాన్న రెండు గుర్రాలూ లేపాడు. అవి లేచాయి. మీట నొక్కాడు. అవి పడ్డాయి. రెండు గొట్టాలూ కలిసి పేలాయి. ఆ రోజు గడ్డిమోపు వేసే మనిషి లేక పెదనాన్న నాలుగడుగుల వెనకున్న కాలవలో కూర్చున్నాడు. ఎదరనున్న నల్లటిది కూడా పడిపోయింది. ఆయన జీవితంలో మొదటిసారి, ఆయనతో పాటు ఇంకొకటి పడింది.

కంబారి పరిగెత్తుకెళ్ళి దాని దగ్గర నిలబడిపోయాడు. కిందకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏట్రా, పందేనా?" అని కాలవలోంచి అడిగాడు పెదనాన్న.

"పందేనండి."

"అడవిదేనా?"

కంబారి తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "మీరు కొట్టినారు గదండి బాబూ, అడవిదే అయ్యుంటాది" అన్నాడు.

నేను కూడా దగ్గరికెళ్ళి చూశాను. ఒక పక్కకి పడి ఉంది. పొట్ట కింద వేలాడుతున్న చన్నుల నుంచి తెల్లగా చుక్కలు కారుతున్నాయి. "అదేటి?" అన్నాను.

"మంచు బాబూ, మంచు" అని కంబారి గబగబా గోనె కప్పేశాడు.

ఆ మధ్యాహ్నం మా పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద ఇత్తడి గుండిగ ఎక్కింది. వీధి వీధంతా మా ఇంట్లోనే. మా ఇళ్ళల్లో ఊరపంది పేరెత్తితే నోరు కడుక్కునేవాళ్ళు. అది వీధిలోంచి వెళ్తే పెద్దమ్మ గడపమీద నీళ్ళు చల్లేది. అడవిపంది సంగతి వేరు. అది దుంపలు తింటుంది, కొండగాలి పీలుస్తుంది, రాజులు తిన్నది. గుండిగ మీద నాలుగంగుళాల కొవ్వు తేలింది. చర్మం మీది వెంట్రుకలు సరిగా కాలక, ముక్క ముక్కకీ రెండు రోజుల గడ్డం. మసాలా కింద నుంచి ఒక మురుగు వాసన మాటిమాటికీ తల ఎత్తి చూస్తోంది. నేను మొదటి ముద్దే ఉమ్మేద్దామనుకున్నాను. కానీ ఎవరూ ఉమ్మనప్పుడు మనం ఉమ్మకూడదని మింగేశాను.

"ఊరపంది మాంసమైతే ఆమడ దూరం నుంచే నాకు వాంతొస్తుంది" అన్నారు మాస్టారు, మూడోసారి వడ్డించుకుంటూ. "ఇది చూడండి, ముక్క కొరికితే వెదురు చిగురు వాసన. వెదురు తిన్న పంది. పళ్ళకే తెలిసిపోతుంది."

"ఎముకలో గుజ్జు చూడరా, జీలుగుకల్లు తాగిన జంతువు" అని ఇంకొకాయన.

నాయనమ్మ నోట్లో చుట్ట తీసి, ముక్క పెట్టుకుని, మళ్ళీ చుట్ట పెట్టుకుని నమిలింది. "నా పెళ్ళిలో తిన్నాను ఈ రుచి, మళ్ళీ ఇదిగో" అంది. పెదనాన్న రెండు సగాల మీసానికీ కొవ్వు రాసుకుని దువ్వుకున్నాడు. కంబారి మాత్రం తిన్లేదు. "ఏట్రా, ఒంట్లో బాగోలేదా" అంటే, "మా ఇంటిదానికి మొక్కుందండి" అన్నాడు. ఆవిడ మొక్కితే ఈయన ఎందుకు మానాలో ఎవరూ అడగలేదు. అందరి నోళ్ళూ నిండి ఉన్నాయి.

నాకు పంది కోర కావాలి. బడిలో చూపించి ఒక నెలరోజులు రాజ్యమేలదామని ఆశ. మర్నాడు పొద్దున్నే దొడ్డి చివర పెంటగోతి దగ్గరికి వెళ్ళాను. కోసింది కంబారే, తలకాయ అందులోనే పారేశాడు. పుల్లతో కదిపితే ఈగలు ఒక్కసారిగా లేచి, ఆకాశం కాసేపు నల్లబడింది. నోరు తెరిచి చూశాను. కోరలు లేవు. నల్లచీమలు బారులు తీరి ఒక కంట్లోంచి లోపలికి, ఇంకో కంట్లోంచి బయటికి నడుస్తున్నాయి. చెవి పట్టుకుని తిప్పాను. చెవి అంచుకి కత్తితో కోసిన రెండు గాట్లున్నాయి. మధ్యన చిన్న చిల్లు, చిల్లులో ముడేసిన ఎర్రగుడ్డ పేలిక.

ఆ చెవి నాకు తెలుసు. ఊరి చివర పందులు పెంచే పెద్దాయన తన పందులన్నిటికీ అలా గాట్లు పెట్టేవాడు; ఎర్రగుడ్డ మాత్రం ఈమధ్యే ఈనిన ఆ ఒక్కదానికే. మా ఇళ్ళల్లో మరుగుదొడ్లు లేని రోజులు. తెల్లారగానే మా వీధి మగాళ్ళూ పిల్లలూ దొడ్డి వెనక తుప్పల్లోకి చెంబులతో వెళ్ళేవాళ్ళం. మేం లేవకముందే వెనకాల వచ్చి నిలబడి, మేం లేచాక భోంచేసేది ఆ పందే. తొందరపెడుతోందని దాన్ని నేను ఎన్నోసార్లు రాళ్ళతో కొట్టాను. అంటే, మాస్టారికి తగిలిన ఆ వెదురు చిగురు వాసన ఆయనదే. మా వీధి వీధంతా తను వదిలినదాన్ని తనే ధనియాలూ లవంగాలూ పెట్టి వండుకుని, ఆకులు నాకి, తేన్చింది. నేను పెంటగోతి పక్కనే కూర్చుని, నిన్నటి నుంచి కడుపులో ఉన్నదంతా, ఆ ముందు ఏడాది తిన్నవాటితో సహా, వెళ్ళగక్కాను.

నోరు తుడుచుకుని వచ్చేసరికి ఆ పెద్దాయన మా పెరటి గుమ్మం అవతల నిలబడి ఉన్నాడు. చేతిలో వెదురుకర్ర. రాత్రంతా తిరిగినట్టున్నాడు, మోకాళ్ళదాకా బురద. మా ఇంట్లో దారిన పోయే ప్రతి మనిషినీ మావా, తాతా అని వరస కలిపి పిలిచేవాళ్ళం. ఆయనకి మాత్రం వరస లేదు. "ఏయ్" అనేవాళ్ళం, ఆయన పలికేవాడు.

పెదనాన్న వసారాలో మాస్టారికి వేట కథ మూడోసారి చెప్తున్నాడు. మూడోసారికి పంది ఆయన మీదకి దూకడం మొదలుపెట్టింది.

"బాబుగోరూ, మా ఈనిన పంది నిన్నట్నించి అగపడట్లేదండి" అన్నాడు ఆయన, గుమ్మం దాటకుండా. "ఇటుకాసి గాని వచ్చినాదేటి?"

"నీ పంది కాపలా నాను కాయాలేట్రా" అన్నాడు పెదనాన్న.

"అది గాదండి. ఎనిమిది పిల్లలండి, పుట్టి నాలుగు రోజులు గాలేదు. పాలు నేక రాత్రంతా కీసుమంటన్నాయి. కృష్ణదేవిపేటలో మా బామ్మర్ది కాడ ఈనిన పంది ఉంది. ఇవ్వాల తీసికెళ్ళి దాని కింద ఏసీస్తే బతుకుతాయి. కానీ తల్లి బతికుంటే, తిరిగొచ్చి పిల్లలు నేకపోతే పిచ్చెత్తిపోతాది, మరి పనికి రాదు. అది ఉందా, పోయిందా, అదొక్కటే తెలాలండి నాకు. ఎవులైనా కొట్టీసినా నాను కోపగించుకోను."

"పోయి ఎతుక్కో" అన్నాడు పెదనాన్న. మాస్టారు ముక్కు మూసుకున్నారు, పందులాయన వాసన భరించలేక.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు గాని సూసినావా బాబూ?"

నేను అన్నాను: "చచ్చిపోయింది. పెదనాన్నే కొట్టాడు. నిన్న మేమందరం తిన్నాం. తల పెంటగోతిలో ఉంది, చెవికి ఎర్రగుడ్డ కూడా ఉంది."

ఆ తరవాత జరిగినదాన్ని వర్ణించడానికి నాకున్న భాష చాలదు. ముందు మాస్టారు. కూర్చున్న కుర్చీతో సహా వెనక్కి పడి, పడుతూనే కక్కుకున్నారు. ఆయన్ని చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు. అలా దండలో పూసల్లా వీధి చివరిదాకా ఆ చప్పుడు వెళ్ళి, మలుపు తిరిగి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నాయనమ్మ పసుపునీళ్ళతో పదహారుసార్లు పుక్కిలించి, నోట్లో కంపు పోవడానికి ఏడు చుట్టలు వరసగా తాగింది. పెద్దమ్మ ఇత్తడి గుండిగని బావిలో పడేసి, తరవాత బావిని ఎక్కడ పడెయ్యాలో తెలియక ఏడ్చింది. పురోహితుడుగారు శుద్ధి చెయ్యడానికి వచ్చి, సంగతి విని, గుమ్మంలోనే శుద్ధి అవసరమైన స్థితికి వచ్చారు. పెదనాన్న కుడివైపు మీసం తీయించుకున్నాడు. పందులాయన మాత్రం ఎవరినీ ఒక్క మాట అనకుండా, ఎనిమిది పిల్లల్నీ తట్టలో వేసుకుని మధ్యాహ్నం బస్సుకి కృష్ణదేవిపేట వెళ్ళాడు. ఎనిమిదీ బతికాయి.

ఇప్పుడు ఒప్పుకోవలసిన చోటుకి వచ్చాం. కుందేలు పెళ్ళి, ఆకాశాన్ని కప్పిన ఈగలు, నాలుగంగుళాల కొవ్వు, ఇవన్నీ పొంగించినవి. వాటిని మీరు ఏ అంకెతో భాగించినా అడుగున కొంచెం నిజం మిగులుతుంది. భాగిస్తే ఏమీ మిగలనిది ఒకటే: నేను నిజం చెప్పాననడం. చెప్పలేదు. కాబట్టి ఎవరూ కక్కుకోలేదు. ఎవరి మీసమూ పోలేదు. మాస్టారు కన్నుమూసేదాకా ఆ కూర రుచి తలుచుకుంటూనే ఉన్నారు.

పందులాయన నన్ను అడగడం మాత్రం నిజం. అడగడానికి కర్ర పక్కన పెట్టి, కళ్ళు నా కళ్ళకి సమానంగా వచ్చేలా గొంతుకూర్చున్నాడు. పెదనాన్న నన్ను బెదిరించలేదు. నా వైపు చూడను కూడా లేదు, కథలో ఉన్నాడు. భయపెట్టినవాళ్ళు ఒకళ్ళు ఉన్నా ఈ పాటికి నా మనసుకి సర్దిచెప్పుకునేవాణ్ణి. నేను ఏం తిన్నానో ఈ మనిషికి తెలియకూడదు. నాకు అప్పుడు తోచింది అంతే.

"చూశాను" అన్నాను. "గొలుగొండ రోడ్డు మీద వెళ్తోంది."

"ఎప్పుడు బాబూ?"

"పొద్దున్నే. కుంటుతోంది. వెనక ఎడమకాలు. కుక్క మొరిగితే కల్వర్టు కిందకి దూరి, అటువైపు నుంచి పైకొచ్చింది. చెవికి ఎర్రగుడ్డ ఉంది." అక్కడితో ఆగినా బాగుండేది. "బేగి వెళ్తే దొరుకుతుంది" అని కూడా అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "అదే, అదే. ఎంత ఇదిగా సూసి సెప్పినావు బాబూ. సల్లగుండు" అని, కర్ర తీసుకుని, దాన్ని పిలుచుకుంటూ గొలుగొండ రోడ్డు పట్టాడు. పిల్లల్ని కృష్ణదేవిపేట పంపలేదు. తల్లి వచ్చేస్తుంది కదా.

మూడు రోజులు ఆ రోడ్డు మీదే తిరిగాడు. మూడు రోజులూ మా దొడ్డి వెనక ఊరి చివర నుంచి ఆ పిల్లల కీచుమనే ఏడుపు వినిపిస్తూనే ఉంది. నాలుగో రోజు పొద్దున్న అది ఆగిపోయింది. వసారాలో ఎవరో కొత్త చుట్టాలు వచ్చారు, పెదనాన్న వాళ్ళకి వేట కథ మొదలుపెట్టాడు. అంతకుముందు మూడు రోజులూ ఆ చప్పుడుకి మధ్యమధ్యలో మాట వినపడక గొంతు పెంచి చెప్పేవాడు. ఆ రోజు గొంతు పెంచవలసిన అవసరం రాలేదు. గదిలో పడుకున్న నాక్కూడా ప్రతి ముక్కా స్పష్టంగా వినపడింది.